మోకాలికి మూడు పీఆర్‌పీ ఇంజెక్షన్లు: పద్నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను

నాకు 51 ఏళ్ళు. మంగళగిరి దగ్గర జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఇరవై ఆరేళ్ళుగా రోజుకి ఐదారు పీరియడ్లు నిలబడే పాఠం. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేయడం మొదలైంది. ముగ్గేసి లేవాలంటే గుమ్మం పట్టుకోవాల్సి వచ్చేది. ఎక్స్‌రే తీయిస్తే గ్రేడ్ 2 అన్నారు, గుజ్జు అరగడం మొదలైందన్నారు.

మా ఆడపడుచు గుంటూరులో ఒక మోకాళ్ళ క్లినిక్కి తీసుకెళ్ళింది. పేరు రాయడం లేదు. ఇలాంటి బోర్డులు ఇంకో మూడు నాలుగు చోట్ల చూశాను, ఒక్కరినే పట్టుకోవడం న్యాయం కాదు. బోర్డు మీద ఉన్నది ఇదీ: 'ఆపరేషన్ లేకుండా గుజ్జు మళ్ళీ పెరుగుతుంది.'

వాళ్ళ పనితనానికి వంక పెట్టను. చేతి నుంచి రక్తం తీసి, నా ఎదుటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన పసుప్పచ్చ ద్రవాన్ని స్కానింగ్ చూస్తూ మోకాల్లోకి ఎక్కించారు. పీఆర్‌పీ అంటే అదే, మన రక్తంలోంచే తీసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ప్లాస్మా. నేను భయపడుతుంటే సిస్టరమ్మ చేయి పట్టుకుని కూర్చుంది. వారానికొకటి చొప్పున మూడు. మొత్తం 39,000 రూపాయలు, రసీదుతో సహా. రెండ్రోజులు వాపు ఉంటుందని ముందే చెప్పారు, ఉంది.

నాలుగో వారం నుంచి నిజంగానే తేలికపడింది. దసరాకి దుర్గమ్మ గుడి మెట్లెక్కి దిగాను. సంక్రాంతి దాటాక నొప్పి తిరిగొచ్చింది. వెళ్ళి అడిగాను, గుజ్జు పెరిగిందా అని. "అన్నాళ్ళు నొప్పి తగ్గిందంటే పెరిగినట్టే కదా మేడమ్" అన్నారు.

నా అభ్యంతరమంతా ఆ మాట మీదే. గుజ్జు అని మనం అనేది మృదులాస్థిని, కీలులో ఎముకల చివర్లని కప్పే నున్నటి పొరని. అందులో నరాలు లేవు. నొప్పి పుట్టేది కీలు చుట్టూ ఉన్న పొరలోనో, కింది ఎముకలోనో. కాబట్టి నొప్పి తగ్గినంత మాత్రాన గుజ్జు పెరిగిందనలేం. రక్తనాళాలు కూడా లేవు, కణాలు బహు తక్కువ. అందుకే చర్మం మీది గాయంలా అది పూడదు. తొమ్మిదో తరగతికి కణజాలాల పాఠం చెప్పే నేను ఈ ప్రశ్న డబ్బు కట్టకముందే అడగాల్సింది. మొదట్లో ఎంఆర్ఐ తీయలేదు, ఇప్పుడు తీసినా దేనితో పోల్చాలి?

తర్వాత నెల రోజులు కూర్చుని చదివాను. ఆస్ట్రేలియాలో సరిగ్గా నాలాంటి వాళ్ళ మీదే ఒక పరీక్ష చేశారు, 2021లో జామా వైద్య పత్రికలో వచ్చింది. తొలి, మధ్య దశల అరుగుదల ఉన్న 288 మంది. కొందరికి పీఆర్‌పీ, కొందరికి ఉప్పునీరు, వారానికొకటి చొప్పున మూడు. ఎవరికి ఏది ఎక్కిందో వాళ్ళకి తెలియదు. ఏడాదికి రెండు జట్లలోనూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. ఎంఆర్ఐలో చూస్తే మృదులాస్థి రెండింటిలోనూ కొద్దిగా తరిగింది, ఒకదాంట్లో 1.4 శాతం, ఇంకోదాంట్లో 1.2 శాతం. ఎక్కువ తరిగింది పీఆర్‌పీ జట్టులోనే, కానీ ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. దసరాకి నేను మెట్లెక్కగలగడం కూడా ఉప్పునీటితోనైనా వచ్చే ఇలాంటి ఉపశమనమే అయ్యుండొచ్చని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

గుజ్జు పెంచే ప్రయత్నాలు అబద్ధమని కాదు. స్ప్రిఫెర్మిన్ అనే మందుని 549 మంది మీద పరీక్షించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్ళకి రెండేళ్ళలో మృదులాస్థి మందం 0.05 మిల్లీమీటర్లు పెరిగింది. పెరగడమే గొప్ప సంగతి, చదివి నాకు ఒళ్ళు పులకరించింది. కానీ నొప్పిలో మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకన్నా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. 2025 నవంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో దారి చూపించారు. వయసుతో పెరిగే 15-పీజీడీహెచ్ అనే ఎంజైముని అడ్డుకుంటే ముసలి ఎలుకల మోకాళ్ళలో మృదులాస్థి మళ్ళీ మందమైంది. మోకాలి మార్పిడి ఆపరేషన్లలో మనుషుల నుంచి తీసేసిన మృదులాస్థి ముక్కల్లోనూ తిరిగి పెరిగే జాడ కనిపించింది. అది మన మోకాలి దాకా రావడానికి ఇంకా పరీక్షలున్నాయి. అంత కష్టపడి మనుషులు వెతుకుతున్నదాన్ని ఇక్కడ బోర్డు మీద అయిపోయిన పనిలా రాస్తే, ఆశతో వచ్చేవాళ్ళకి అన్యాయం.

ఇప్పుడు నాకు పనికొస్తున్నది ఊళ్ళోనే ఉన్న ఫిజియోథెరపీ. ఒక్కసారికి 400 రూపాయలు. కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, చీలమండకి ఇసుకమూట కట్టి కాలు చాపడం, గోడకి వీపు ఆన్చి కిందికి జారడం. తొడ కండ గట్టిపడింది. ఐదు కిలోలు తగ్గాను కూడా. కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్కగట్టారు. నొప్పి పూర్తిగా పోలేదు. దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుంటాను, ముగ్గు మాత్రం రోజూ వేస్తున్నాను.

మొన్న మా హెచ్ఎం మేడమ్ అదే క్లినిక్ గురించి అడిగారు. వెళ్ళండి గానీ, ముందు ఎంఆర్ఐ తీసి, గుజ్జు పెరుగుతుందని కాగితం మీద రాసిమ్మని అడగండి అన్నాను. ఆవిడ అడిగారు. అలా రాసివ్వడం కుదరదన్నారట. మంగళ, శుక్రవారాల్లో ఇద్దరం కలిసే ఫిజియోకి వెళ్తున్నాం, సాయంత్రం ఐదింటికి, బడి వదలగానే.