రాత్రి రెండు గంటల గీత: నీళ్ళ స్మార్ట్ మీటర్‌తో రెండేళ్ళు

విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్‌కు నీళ్ళ స్మార్ట్ మీటర్లు పెట్టి రెండేళ్ళు దాటింది. యాప్‌లో చాలా ఉన్నాయి కానీ నేను ఒక్కదాని గురించే రాస్తాను. ఏ గంటలో ఎన్ని లీటర్లు వాడామో చూపించే గ్రాఫ్. అందులోనూ రాత్రి 2 నుంచి 4 వరకు ఉండే ముక్క. దాని విలువ నాకు పోయిన వేసవిలో తెలిసింది.

కృష్ణ ఇంత దగ్గర్లో ఉన్నా, ఎండాకాలం మాకు మున్సిపల్ నీళ్ళూ బోరూ కలిపినా చాలవు, ట్యాంకర్ తెప్పించాల్సిందే. ఇంతకుముందు ఆ డబ్బు సమానంగా పంచుకునేవాళ్ళం. మీటర్లు వచ్చాక ఎవరి వాడకాన్ని బట్టి వాళ్ళు కడుతున్నాం. ఏప్రిల్‌లో నలుగురం ఉన్న మా ఇంటికి, ఆరుగురున్న ఎదురింటి కంటే ఎక్కువ పడింది. మా అత్తయ్యగారు ఏమీ అనలేదు కానీ, మర్నాటి నుంచి అరబకెట్ నీళ్ళతోనే స్నానం కానిచ్చేవారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. గిన్నెలు తోమే అమ్మాయి మీద అనుమానం వచ్చి, పంపు వదిలేసి తోముతున్నావని రెండుసార్లు గట్టిగానే అన్నాను.

వారం తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక యాప్ తెరిచాను. అందరం పడుకున్న వేళ గీత సున్నా దగ్గర ఉండాలి కదా. లేదు. గంటకు 14 లీటర్లు. ముందు రాత్రీ అంతే, ఆ ముందు రాత్రీ అంతే. రోజుకు 336 లీటర్లు! పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన కంటికి కనబడని మనుషులు ఇద్దరున్నర మంది మా ఇంట్లో నీళ్ళు వాడుకుంటున్నట్టు.

మాకు పైట్యాంకు నుంచి మూడు లైన్లు దిగుతాయి, వంటింటికి ఒకటి, బాత్రూములకు చెరొకటి. అందుకే మూడు మీటర్లు. ఆ 14 లీటర్లూ వెనక బాత్రూము మీటరులోనే కనిపించాయి. వెళ్ళి చూస్తే పంపులు కారడం లేదు, గోడకు తడి లేదు, చప్పుడు లేదు. మా ఆయన జిలేబీలో వేసే రంగు తెచ్చి ఫ్లష్ ట్యాంకులో కలిపారు. అరగంట తిరక్కుండా, ఎవరూ ఫ్లష్ నొక్కకుండానే, కమోడ్‌లో నారింజ రంగు. బోరు నీళ్ళ సున్నం పేరుకుని లోపలి రబ్బరు వాషర్ సరిగా మూసుకోవడం లేదు. కొత్తది వేయించాక ఆ రాత్రి గీత సున్నాకు దిగింది. పొద్దున్నే ఆ అమ్మాయికి విషయం చెప్పి, తప్పు నాదేనన్నాను. "కట్టేసే తోముతున్నానని అప్పుడే చెప్పాను కదమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

లీకైతే మీటరే చెప్పేస్తుందని మొదట్లో తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. నిజానికి ఈ లీకుకు ఒక్క అలర్టూ రాలేదు. రాత్రి గంటకు 50 లీటర్లు దాటితేనే మోగేలా పెట్టి ఇచ్చారట. ఆ అంకె మనమే తగ్గించుకోవచ్చని తర్వాత వెతికితే దొరికింది, ఇప్పుడు 5 పెట్టుకున్నాను. మొదటి నెలలోనే వాడకం మూడో వంతు తగ్గిందని కూడా చెప్పాను. మా అబ్బాయి ఆ నెలంతా గుంటూరులో అమ్మమ్మగారింట్లో ఉన్నాడన్న సంగతి లెక్కలో వేసుకోలేదు. పైగా ఒకసారి మేడ మీది సిగ్నల్ పెట్టె వానకు పాడై 11 రోజులు గ్రాఫే లేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా రేపు వస్తామనేవారు. మీటరు మీది అంకె మాత్రం ఆగలేదు కాబట్టి బిల్లు గొడవ రాలేదు.

మాకు ట్యాంకర్ డబ్బు వాడకాన్ని బట్టి పడుతుంది కాబట్టి ఇది పనికొచ్చింది. నెలకు ఇంత అని ఒకే మొత్తం కట్టే సొంతింటివాళ్ళకు డబ్బుపరంగా కలిసొస్తుందని చెప్పలేను. పాత అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్‌కు నాలుగు లైన్లు కూడా ఉంటాయి, నాలుగు మీటర్ల ఖర్చు చూసుకోవాలి. మామూలు మీటరు ఉన్నవాళ్ళు పడుకునే ముందు అంకె రాసుకుని పొద్దున్నే మళ్ళీ చూసుకోవచ్చు. కాకపోతే చక్రం తిరిగే మీటర్లు సన్నటి ధారకు కదలకపోవచ్చు.

ఈ వారం వంటింటి లైనులో రాత్రిపూట గంటకు 2 లీటర్లు కనిపిస్తోంది. నా అలర్ట్ అంకె కంటే తక్కువే, అయినా ప్లంబర్‌కు ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు.