18 వారాల మారథాన్ ప్రణాళిక: రెండు సీజన్లు పాటించిన తర్వాత

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే, కొత్తవారికోసం తయారైన 18 వారాల మారథాన్ (42.2 కిలోమీటర్ల పరుగు) శిక్షణ ప్రణాళికను నేను రెండుసార్లు పాటించాను. మొదటిసారి 2023 జనవరి 15న జరిగిన ముంబయి మారథాన్‌కు, రెండోసారి 2025 జనవరి 19న అదే పరుగుకు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, అత్తగారు, భర్త, చదువుకుంటున్న కూతురు ఉన్న ఇంట్లో ఉంటూ పాటించాను కాబట్టి, కిలోమీటర్ల కన్నా విశ్రాంతి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ప్రణాళిక ప్రకారం వారానికి నాలుగు రోజులే పరుగు. శనివారం దూరం 10 కిలోమీటర్లతో మొదలై, దాదాపు ప్రతి మూడో వారం కాస్త తగ్గుతూ, 15వ వారానికి 32కు చేరుతుంది. చివరి మూడు వారాలు తగ్గింపే. సోమ, శుక్రవారాలు పూర్తి విశ్రాంతి. మధ్యమధ్యలో దూరం తగ్గే ఆ వారాలే లేకపోతే నేను నవంబరు దాటేదాన్ని కానని నమ్ముతున్నాను.

అయితే శుక్రవారం విశ్రాంతి మా ఇంట్లో విశ్రాంతి కాలేదు. ఆ రోజు ఇల్లు కడగడం, తలస్నానం, అమ్మవారి పూజ, ఆపైన బ్యాంకులో రోజంతా పని. వారం మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడేది ఆ రోజే. మర్నాడు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చేసరికి పిక్కలు బరువుగా ఉండేవి. కారణం తెలుసుకోవడానికి నాకు ఏడు వారాలు పట్టింది. పరుగు లేకపోవడం వేరు, విశ్రాంతి వేరు అన్న సంగతి ప్రణాళికలోని ఆ ఖాళీ గడి చెప్పదు. రెండోసారి పొడవు పరుగును ఆదివారానికి మార్చి, శనివారం సాయంత్రం వంట మావారికి అప్పగించాను. బ్యాంకుకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కావడం కలిసివచ్చింది.

మధ్యలో పాల్గొనే పోటీల విషయంలో ప్రణాళిక సరిగానే ఉంది, తప్పు నాది. 8వ వారంలో ఒక హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) చాలంటుంది. ఉత్సాహంలో నేను రెండు 10 కిలోమీటర్ల పోటీలు అదనంగా పరుగెత్తి, మోకాలి బయటి పక్క నొప్పితో పది రోజులు ఇంట్లో కూర్చున్నాను. అంతకన్నా బాధించినదేమిటంటే, ఆ మూడు ఆదివారాలూ అమ్మాయికి నేను లేకపోవడం.

ధనుర్మాసం మరో చిక్కు. తెల్లవారుజామున ముగ్గు వేయాల్సిన సమయమూ, పరుగుకు బయలుదేరాల్సిన సమయమూ ఒకటే; పైగా 32 కిలోమీటర్ల మర్నాడు గొంతుక్కూర్చుని చుక్కలు పెట్టడం చాలా కష్టం. రెండో ఏడాది ఆ నెలంతా ముగ్గు అమ్మాయే వేసింది.

రెండోసారి మొదలుపెట్టేనాటికి బుడమేరు వరద వచ్చి రెండు వారాలే అయింది. సింగ్‌నగర్‌లో మా ఆడపడుచు ఇంట్లో బురద ఎత్తడానికి వెళ్లి మొదటి వారం పరుగులన్నీ వదిలేశాను. దానివల్ల చివర్లో ఏ లోటూ కనిపించలేదు. ఒక వారం పోతే దాన్ని తర్వాతి వారంలో కుక్కకూడదని ఈ ప్రణాళిక వల్లే నేర్చుకున్నాను. లోపం ఒక్కటే చెప్పాలంటే ఇందులో ఎత్తు ఎక్కే సాధన లేదు. మన బందరు రోడ్డు బల్లపరుపు, ముంబయిలో చివర్లో పెద్దర్ రోడ్డు ఎక్కాలి. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద వారానికోసారి పరుగెత్తి ఆ లోటు పూడ్చుకున్నాను.

మొదటిసారి 5 గంటల 38 నిమిషాలు, రెండోసారి 5 గంటల 9 నిమిషాలు పట్టింది. ఉద్యోగమూ ఇల్లూ ఉన్నవారికి దీన్ని నిస్సందేహంగా సూచిస్తాను, కానీ మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని పంచాంగం పక్కన పెట్టుకుని చూడండి. 2023లో నేను అలా చూడలేదు. పరుగు సరిగ్గా సంక్రాంతి నాడే పడింది, తిరుగు ప్రయాణం కనుమ నాడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, నువ్వేమో రైల్లో ఉన్నావని అత్తగారు చాలాకాలం నొచ్చుకున్నారు. 2025లో కనుమ 15న వచ్చింది. ఆ రోజు ఆవిడ వండిన మినపగారెలు అందరితో కలిసి తిని, 16న ముంబయి రైలెక్కాను.