తీపి, కారం చికెన్‌కి స్లో కుక్కర్: మూడేళ్లు వాడాక

స్లో కుక్కర్, అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్, కొని మూడేళ్లు దాటింది. దాంట్లో పప్పులు, సూపులు ఎన్ని చేసినా, దాదాపు ప్రతి వారం చేసేది మాత్రం తేనె, కారం కలిపిన చికెన్. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లేముందు పది నిమిషాల్లో అన్నీ గిన్నెలో వేసి స్విచ్ నొక్కుతాను. రాత్రి తలుపు తీయగానే వెల్లుల్లి, తేనె ఉడికిన వాసన వస్తుంది. అలసిపోయి వచ్చిన రోజున అదెంత హాయో!

మొదటిసారి మాత్రం కూరకు అలవాటైన చెయ్యి కదా, కప్పు నీళ్లు పోశాను. ముక్కలు పలుచటి చారులో తేలాయి. స్లో కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు, మూతకు తగిలి మళ్లీ గిన్నెలోకే కారుతుంది. పైగా చికెన్ కూడా బోలెడు నీరు వదులుతుంది. అప్పటి నుంచి చుక్క నీరు పోయడం లేదు.

కిలో ఎముకల్లేని తొడ ముక్కలకు మూడో వంతు కప్పు తేనె, అంతే సోయా సాస్, రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క తురిమి వేస్తాను. సోయా సాస్‌లో ఉన్న ఉప్పు చాలు. చిల్లీ ఫ్లేక్స్ రెండు టీస్పూన్లు తీసుకుని సగమే మొదట్లో వేస్తాను. గంటల తరబడి ఉడికితే కారం ఘాటు తగ్గినట్టు నాకనిపిస్తుంది. మిగతా సగం చివర్లో వేస్తే నాలుకకు తెలుస్తుంది. లో సెట్టింగ్‌లో నాలుగైదు గంటలు. టైమర్ అయ్యాక నా కుక్కర్ దానంతట అదే వార్మ్‌కి, అంటే వండినదాన్ని వేడిగా ఉంచే సెట్టింగ్‌కి మారుతుంది.

బ్రెస్ట్ ముక్కలతో మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ పీచులా ఎండిపోయాయి. తొడలో కొవ్వు, కొలాజెన్ అనే ప్రొటీన్ ఎక్కువ. ఆ కొలాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్ అవుతుంది కాబట్టి ముక్క మెత్తగా, జ్యూసీగా ఉంటుంది.

అసలు రుచి వచ్చేది ఆఖరి పది నిమిషాల్లో. ముక్కలు పక్కకు తీసి, రసాన్ని వెడల్పాటి బాణలిలో పోసి పెద్ద మంట మీద మరిగిస్తాను. రెండు స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి నీళ్లలో కలిపి అందులో పోస్తే రెండు నిమిషాల్లో చిక్కబడి నిగనిగలాడుతుంది. ముక్కల్ని మళ్లీ అందులో వేసి తిప్పాలి. ఓపిక లేక ఈ పని మానేసిన రోజుల్లో కూర చప్పగా అనిపించింది. స్విచ్ నొక్కితే చాలు, ఇంకేం చేయక్కర్లేదు అనుకుని కొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ముక్కకు ఎర్రగా వేగిన రంగు కూడా ఇందులో రాదు. తేమలో ఉడికేది మరుగు వేడి దాటదు కదా.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను నేరుగా వేయొద్దు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, గడ్డకట్టిన మాంసం ఆ వేడి దగ్గరే చాలాసేపు ఉండిపోతుంది. నేను ముందురోజే ఫ్రిజ్‌లోకి మారుస్తాను. థర్మామీటర్ గుచ్చితే ముక్క మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి. ఉడికేటప్పుడు మూత తీసి చూడాలనిపిస్తుంది, తీయకండి. తీసిన ప్రతిసారీ వంట ఇరవై నిమిషాలైనా వెనక్కి పోతుంది.

పింగాణీ గిన్నె బరువు. అంచున తేనె మాడి అంటుకుంటుంది, గోరువెచ్చని నీళ్లు పోసి గంట నానబెడితే వచ్చేస్తుంది. అయితే గిన్నె పూర్తిగా చల్లారాకే నీళ్లు పోయాలి. వేడి గిన్నెను కుళాయి కింద పెట్టి నా మొదటి గిన్నెను పగలగొట్టుకున్నాను, చాలా బాధేసింది. మిగిలిన చికెన్‌ను కూడా ఆ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టకుండా చిన్న డబ్బాల్లోకి తీస్తాను. మర్నాడు స్టవ్ మీద పొగలు వచ్చేదాకా వేడి చేసుకుంటాం, స్లో కుక్కర్‌లో కాదు.