ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఏ పరికరాన్ని రానివ్వాలో తేల్చే సాఫ్ట్‌వేర్ల గురించి నాలుగేళ్ల అనుభవంతో చెబుతున్నాను: ఐఎస్‌ఈ, క్లియర్‌పాస్, ప్యాకెట్‌ఫెన్స్

మాది హోల్‌సేల్ సరుకుల వ్యాపారం. హెడ్డాఫీసు బరంపురంలో ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో బ్రాంచీలు, ఆంధ్రా వైపు పాతపట్నంలో ఒక గోడౌను. కంప్యూటర్లు, బిల్లు ప్రింటర్లు, బార్‌కోడ్ గన్నులు, సీసీ కెమెరాలు, వేలిముద్ర హాజరు మెషీన్లు అన్నీ కలిపి 240 దాకా ఉంటాయి. చూసుకునేది మేమిద్దరమే.

గుణుపురం గోడౌన్లో ఒక సేల్స్ కుర్రాడు ప్రింటర్‌కున్న కేబుల్ పీకి తన సొంత లాప్‌టాప్‌కి పెట్టుకున్నాడు. ఆర్డర్ పంపాలి, ఫోన్లో సిగ్నల్ లేదు, అంతే. ఆ లాప్‌టాప్‌లో ఉన్న వైరస్ సాయంత్రానికి బిల్లింగ్ సర్వర్లోని షేర్ ఫోల్డర్లలో కూర్చుంది. రెండు రోజులు అన్ని బ్రాంచీల్లోనూ చేత్తో బిల్లులు రాశారు. గోడకున్న సాకెట్లో ఎవరు ఏం గుచ్చినా లోపలికి రానివ్వడం ఇక కుదరదని ఆ రెండు రోజుల్లోనే నిర్ణయమైపోయింది. నెట్‌వర్క్ యాక్సెస్ కంట్రోల్, మా వాడుకలో నాక్, అలా వచ్చింది.

సిస్కో ఐఎస్‌ఈ నాకు కొత్త కాదు. విశాఖలో వెనకటి ఉద్యోగంలో రెండేళ్లు నడిపాను. దాని లోతు వేరు. ఏ పరికరం ఎందుకు ఆగిపోయిందో లైవ్ లాగ్‌లో మెట్టు మెట్టుగా చూపిస్తుంది, ఆ ఒక్క స్క్రీన్ కోసమే ఇప్పటికీ మనసు పీకుతుంది. కానీ 3.0 నుంచి లైసెన్సులు ఎసెన్షియల్స్, అడ్వాంటేజ్, ప్రీమియర్ అని మూడంచెల చందా అయ్యాయి. కంప్యూటర్లో యాంటీవైరస్ ఉందా లేదా చూసే పోశ్చర్ కావాలంటే పై అంచెకే వెళ్లాలి. సర్వర్లో కూడా పెద్ద వాటా అడుగుతుంది. వందల స్విచ్‌లు (కేబుళ్లన్నీ వచ్చి చేరే పెట్టెలు), ప్రత్యేకంగా ఒక టీమ్ ఉన్న చోట కళ్లు మూసుకుని తీసుకోమంటాను. మా ఇద్దరికీ అది మోయలేని బరువు.

అరుబా క్లియర్‌పాస్‌ని బరంపురంలో మూడు నెలలు ట్రయల్ పెట్టి చూశాం. రకరకాల కంపెనీల స్విచ్‌లు కలగలిసి ఉన్న మాలాంటి చోట ఎవర్ని ఎక్కడికి రానివ్వాలనే పాలసీ రాయడం దీనిలోనే నాకు తేలికనిపించింది. గెస్ట్ పేజీ అందంగా ఉంటుంది. అయితే సొంత పరికరాలకి సర్టిఫికెట్లు ఎక్కించే ఆన్‌బోర్డ్, కంప్యూటర్ ఆరోగ్యం చూసే ఆన్‌గార్డ్ లైసెన్సులు విడిగా కొనాలి. కొటేషన్ చూసి మా పెద్దాయన ఒక్క మాటే అన్నారు: "ఇది రెండు డెలివరీ వ్యాన్ల డబ్బు బాబూ."

అలా ప్యాకెట్‌ఫెన్స్‌కి వచ్చాం. ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు. మాంట్రియల్‌కి చెందిన ఇన్వర్స్ అనే కంపెనీ తయారుచేసింది, 2021లో దాన్ని అకమాయ్ కొంది. లోపల పనిచేసేది ఫ్రీరేడియసే, అంటే ఈ పరికరాన్ని రానివ్వనా అని స్విచ్ అడిగితే జవాబు చెప్పే రేడియస్ సర్వర్. 16 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ మీద డెబియన్ లినక్స్ వేసి పెట్టాం. పైసలు మిగిలాయి గానీ నా రాత్రులు ఖర్చయ్యాయి. స్విచ్ మోడల్ ఒక్కోదానికి సెట్టింగ్ ఒక్కోలా ఉంటుంది, డాక్యుమెంటు చదివి మనమే కుస్తీ పట్టాలి.

మొదటి మూడు నెలలు ఎవర్నీ ఆపలేదు, చూస్తూ ఊరుకున్నాం. కొత్తగా పెట్టేవాళ్లెవరైనా ఈ పని తప్పించుకోవద్దు. మా రిజిస్టర్లో లేనివి 31 బయటపడ్డాయి. రాయగడలో మేడ మీద గదిలో ఎప్పుడో ఎవరో పెట్టిన వైఫై రూటర్ ఒకటి, పాస్‌వర్డ్ లేకుండా. విండోస్‌లో కేబుల్ మీద ఈ తనిఖీకి జవాబిచ్చే వైర్డ్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీసు దానంతటది మొదలవదని, అన్ని కంప్యూటర్లకీ ఒకేచోటి నుంచి సెట్టింగ్ పంపే గ్రూప్ పాలసీ పెట్టి ఆన్ చేయాలని కూడా అప్పుడే తెలిసింది. నేరుగా తలుపు మూసేసి ఉంటే మర్నాడు సగం కౌంటర్లు ఆగిపోయేవి.

ఇక అసలు సంగతి. కంపెనీల పోలిక పట్టికల్లో ఫీచర్లు బోలెడు ఉంటాయి. సర్వర్‌కి లైన్ తెగితే బ్రాంచి గతేమిటన్నది మాత్రం ఏ అడుగునో ఒక వరుసలో ఉంటుంది. మా వైపు అదే మొదటి వరుస. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ ఒక్క గీత గీస్తే ఫైబర్ పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి జిల్లా ఎలా ఉందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ప్యాకెట్‌ఫెన్స్ పెట్టిన మొదటి వానాకాలం, పొద్దున్న ఏడున్నరకి గుణుపురం నుంచి ఫోను. "మాష్టారూ, నెట్ నేదండీ. లోడు కట్టిన బండి గుమ్మంలో ఉంది, బిల్లు రావట్నేదు." రాత్రి కరెంటు పోయి స్విచ్ ఆగి మళ్లీ లేచింది. ఫైబర్ కూడా తెగి ఉంది. అప్పటికే లోపలున్న పరికరాలైతే మళ్లీ అడిగే గడువు దాకా అలాగే ఉండేవి. స్విచ్ కొత్తగా లేచింది గనక ప్రతి పోర్టూ బరంపురాన్ని అడగాల్సిందే, బరంపురం పలకదు. బ్రాంచిలోనే ఉన్న బిల్లింగ్ కంప్యూటర్, పక్కనే ఉన్న ప్రింటర్‌తో మాట్లాడలేని పరిస్థితి.

దీనికి రెండు మందులు వేశాం. ఒకటి, సర్వర్ పలకకపోతే పోర్టుని క్రిటికల్ వీలాన్‌లో (నెట్‌వర్క్‌లోనే విడిగా కట్టిన ఒక గది లాంటిది) వేయమని స్విచ్‌కి చెప్పడం. అందులో బిల్లింగ్, ప్రింటర్ తప్ప ఇంకేమీ అందవు. రెండోది, నాకు ఎక్కువ తృప్తినిచ్చింది, ప్రతి బ్రాంచిలో ఒక చిన్న మెషీన్ మీద ఫ్రీరేడియస్ పెట్టడం. పాస్‌వర్డ్‌తో నడిచే పీఈఏపీ అయితే యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఉండే యాక్టివ్ డైరెక్టరీని అడగాలి, అది బరంపురంలో ఉంది. సర్టిఫికెట్‌తో, అంటే కంప్యూటర్లో ముందే వేసిపెట్టే డిజిటల్ గుర్తింపు కార్డుతో నడిచే ఈఏపీ-టీఎల్‌ఎస్‌కి ఆ అవసరం లేదు, ఆ కార్డులు జారీ చేసే మన సీఏ సర్టిఫికెట్, రద్దయినవాటి జాబితా బ్రాంచిలో ఉంటే చాలు, అక్కడికక్కడే సరిచూసేస్తుంది. విండోస్ 11 22హెచ్2 ఎంటర్‌ప్రైజ్‌లో పాస్‌వర్డ్ రహస్యాలకి కాపలా కాసే క్రెడెన్షియల్ గార్డ్ దానంతటదే ఆనై ఉండి, లాగిన్ పాస్‌వర్డ్ పీఈఏపీకి దానంతటది అందకుండా పోవడం వల్ల కూడా సర్టిఫికెట్ల వైపు వెళ్లడం మంచిదైంది.

మా ప్రింటర్లు, కెమెరాలకి సర్టిఫికెట్ ఎక్కించలేం. వాటిని మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ కంపెనీ ఇచ్చే నెట్‌వర్క్ నంబరు) చూసి రానివ్వడమే. ఆ అడ్రస్ ప్రింటర్ వెనక స్టిక్కర్ మీదే ఉంటుంది, ఎవరైనా చూసి తన లాప్‌టాప్‌కి పెట్టుకోవచ్చు. అందుకే వాటి వీలాన్ నుంచి ప్రింట్ సర్వర్, కెమెరా రికార్డర్ తప్ప మరో గుమ్మం లేదు. 2024 జులైలో రేడియస్ జవాబుని దారిలోనే మార్చేయగల బ్లాస్ట్-రేడియస్ లోపం బయటపడ్డాక ఇలాంటి మ్యాక్ విన్నపాలకే ముప్పెక్కువని తెలిసి, ప్రతి స్విచ్‌లో మెసేజ్-ఆథెంటికేటర్ అనే ముద్ర తప్పనిసరి చేశాం, బ్రాంచీల మధ్య రేడియస్ అంతా ఐపీసెక్ అనే రహస్య లిపి టన్నెల్లో నడిపిస్తున్నాం. ఫోన్ల సంగతి వేరు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి అవి మారుపేరు మ్యాక్ అడ్రస్‌తోనే వస్తాయి. వాటిని గెస్ట్ వైఫైకే వదిలేశాం.

లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశమిచ్చింది. ఏ పోర్టులోకి ఏ పరికరం ఎన్నింటికి వచ్చిందో అడిగితే ఇప్పుడు నిమిషంలో తీసి చూపించగలను. ఆ వైరస్ రోజున ఇది ఉంటే ఎంత బాగుండేదో.

ఒక తప్పు నాదే చెప్పాలి. రెండో ఏడు రేడియస్ సర్వర్ సర్టిఫికెట్ గడువు మర్చిపోయాను. ఒక సోమవారం తొమ్మిదింటికి నాలుగు బ్రాంచీలూ, పాతపట్నం గోడౌనూ ఒకేసారి ఆగిపోయాయి. అప్పటినుంచి గడువు తేదీలు అకౌంట్స్ గదిలో జీఎస్టీ తేదీలు రాసే క్యాలెండర్ మీదే ఎర్ర ఇంకుతో రాస్తున్నాం. వచ్చే నెల 14న రాయగడది ఉంది.