హోల్డింగ్ ట్యాంకుకు అంగుళం వెంటు పైపు: కొన్ని సీజన్లు వాడాక

బోటు టాయిలెట్ కంపుకు విరుగుడు ఏంటని మెరీనాలో, అంటే బోట్లు కట్టేసే రేవులో, ఎవర్నడిగినా ముందు చెప్పేది హోసులు మార్చమనే, అంటే టాయిలెట్ నుంచి మలం నిలవుండే హోల్డింగ్ ట్యాంకుకి వెళ్లే గొట్టాలు. మాది 1980ల నాటి ముప్పై అడుగుల సెయిల్‌బోటు, సియాటిల్‌లో షిల్‌షోల్ మెరీనాలో ఉంటుంది. హోసుల సంగతి తేల్చుకోవడం తేలికే. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డని హోసుకి చుట్టి, చల్లారాక ఆ గుడ్డని వాసన చూడాలి. మా గుడ్డని అలాగే చెత్తబుట్టలో పడేశాం. అడుగు పది డాలర్లు దాటిన మందపాటి హోసు కొని, మోచేతులు చెక్కుకుపోయేలా అంతా మార్చాక కేబిన్‌లో కంపు సగం తగ్గింది. ఆ ఊపులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ హోసు గురించే చెప్పాను.

మిగతా సగం మాత్రం పోలేదు. లోపల ఎవరైనా పంపు కొట్టిన ప్రతిసారీ బయట కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ల ముఖాన గుప్పున కొట్టేది. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు ఒక్కసారి భరించి, "అమ్మాయ్, నేను ఒడ్డునే కూర్చుంటా, మీరు తిరిగి రండి" అనేశారు.

అసలు విషయం పంపౌట్ దగ్గర, అంటే ట్యాంకులో ఉన్నదాన్ని మెషీన్‌తో లాగేసే చోట, బయటపడింది. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ మొత్తం 2018 నుంచి నో డిశ్చార్జ్ జోన్. టాయిలెట్ నీళ్లు శుద్ధి చేసినా సరే, ఇక్కడ వదలకూడదు. కాబట్టి ట్యాంకు నిండితే పంపౌట్‌కి వెళ్లాల్సిందే. ఆ రోజు నాజిల్ డెక్ మీద పెట్టి మెషీన్ ఆన్ చేశానో లేదో, లోపల ఢబ్‌మని శబ్దం. "ఆపండి, ఏదో విరిగింది!" అని మా ఆవిడ కేక. దిగి చూస్తే ముందు బెర్తు కింద ప్లాస్టిక్ ట్యాంకు గోడలు లోపలికి సొట్టపోయి ఉన్నాయి. పైనుంచి పంపు లాగేస్తుంటే, లోపలికి రావాల్సిన గాలికి దారి లేదు. ట్యాంకు వెంటు లైనులో, అంటే ట్యాంకులోకి గాలి వచ్చిపోయే పైపులో, పాత ఓనరు పెట్టించిన బొగ్గు ఫిల్టరు ఉంది, వాసన రాకుండా. ఎప్పుడో తడిసి ముద్దై గట్టిపడిపోయింది. దాన్ని విప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ మామూలు ఆకారానికి వచ్చింది.

కొత్త ఫిల్టరు దొరికేదాకా అని అక్కడ మామూలు పైపు ముక్క తగిలించాం. ఫిల్టరే లేదు కాబట్టి ఇక ముక్కులు మూసుకోవడమే అనుకున్నాం. తీరా చూస్తే వాసన తగ్గడం మొదలైంది. కొన్నాళ్లకి పంపు కొట్టినా ముఖాలు చిట్లించడం ఆగిపోయింది.

కారణం సూక్ష్మజీవులది. ట్యాంకులోకి ఆక్సిజన్ అందితే మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా నుంచి ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. గాలి ఆడకపోతే వేరే రకం బ్యాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, కుళ్లిన కోడిగుడ్డు కంపు దానిదే. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు గొట్టం కంపుని డాబా పైకి పంపిస్తుంది. బోటులో ఆ వీలు లేదు, అందుకే కంపు పుట్టకుండానే చూసుకోవాలి.

ఆ తర్వాతి వసంతంలో అసలు పని చేయించాం. పాత వెంటు 5/8 అంగుళం. దాని స్థానంలో అంగుళం పైపు వేస్తే గాలి దారి రెండున్నర రెట్లవుతుంది. ఒకటి కాదు, బోటుకి చెరో పక్కకీ ఒకటి తీశాం, ఒకదాంట్లో దూరిన గాలి ఇంకోదాంట్లోంచి పోవాలని. పైపు ఎక్కడా కిందికి వేలాడకూడదు, ఆ వంపులో నీళ్లు నిలిస్తే మళ్లీ కథ మొదటికొస్తుంది. బోటు పక్కన బిగించే ఫిట్టింగు కూడా సన్నటి చీలిక ఉన్నది కాకుండా పూర్తిగా తెరిచి ఉండేది కొనాలి. మొత్తం ఖర్చు హోసుల బిల్లులో చిన్న ముక్క.

అప్పటినుంచి ట్యాంకు వాసన లేదనే చెప్పాలి. లేదనే అంటున్నాను గానీ, వారం పాటు బోటు వదిలేసి వచ్చాక మొదటి ఫ్లష్‌కి గుడ్డు కంపు ఇప్పటికీ వస్తుంది. అది ట్యాంకుది కాదు, లోపలికి నీళ్లు తెచ్చే హోసులో నిలవున్న సముద్రపు నీళ్లలో చచ్చిన జీవులది. ఇంటికి బయల్దేరే ముందు మంచినీళ్లతో ఫ్లష్ చేస్తే తగ్గుతుంది, మర్చిపోతే తగ్గదు.

ఇంకో చిక్కు సెయిలింగ్‌లో. గాలి బలంగా ఉండి బోటు బాగా ఒరిగితే, కింది పక్క వెంటు దాదాపు నీటి మట్టానికి దిగుతుంది. ట్యాంకు సగానికి పైన ఉన్న రోజున ఆ వెంటులోంచి బయటికి కారింది. చూడ్డానికి అసహ్యం, పైగా ఈ నీళ్లలో అది చట్టవిరుద్ధం కూడా. సన్న పైపు ఉన్నప్పుడు ఇంతలా కారేది కాదు. అందుకే ఇప్పుడు శాన్ హువాన్ దీవుల వైపు వెళ్లేముందు ట్యాంకు ఖాళీ చేయకుండా కదలం.

మేం ఉండేది ఇద్దరం, అది కూడా వారాంతాల్లో. ఇక్కడి నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. బోటులోనే కాపురం ఉండేవాళ్లకీ, ఫ్లోరిడా లాంటి వేడి చోట్ల ఉన్నవాళ్లకీ ఇంత తేడా కనిపిస్తుందని నేను హామీ ఇవ్వను. హోసులు మార్చొద్దని కూడా అనడం లేదు, మావి నిజంగానే పోయాయి. కాకపోతే ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు వెంటులో ఫిల్టరుందేమో చూసి, ఉంటే తీసి, కొన్నాళ్లు ఆగి, ఆ తర్వాత హోసుల షాపుకి వెళ్లమంటున్నాను.