నికాన్ 200-500: ఉప్పుమళ్లలో చిన్న పిట్టలకి ఏమాత్రం పనికొస్తుంది?

నికాన్ 200-500 మి.మీ. ఎఫ్/5.6 లెన్సు 2015లో వచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతోంది కాబట్టి మనవైపు పిట్టల ఫొటోలు మొదలుపెట్టేవాళ్లు ముందు దీని గురించే అడుగుతారు. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిన నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులకైతే ఏ జూమ్ లెన్సైనా సర్దుకుపోవచ్చు. నెల్లూరు తీరంలోని ఇస్కపల్లి ఉప్పుమళ్ల అంచున పరుగెత్తే స్టింట్లు (చిన్న నీటిఒడ్డు పిట్టలు), బకింగ్‌హాం కాలువ పక్క జమ్ములో దూరే గిజిగాళ్లు, రొయ్యల గుంటల గట్టున వాలే లకుముకి పిట్టల సంగతి వేరు.

స్టింట్ ముక్కు నుంచి తోక దాకా సుమారు 14 సెం.మీ. ఉంటుంది. నికాన్ డి7500 లాంటి క్రాప్ బాడీ (చిన్న సెన్సార్ ఉన్న కెమెరా) మీద 500 దగ్గర, 6 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 28 సెం.మీ.; పిట్ట అందులో సగం నిండుతుంది. 15 మీటర్లకి పోతే ఐదో వంతు, అంటే దాదాపు 1,100 పిక్సెళ్లు. కత్తిరించి ఫోన్‌లో చూసుకోవడానికి బాగానే ఉంటుంది. 30 మీటర్లయితే పిట్ట ఉందని సాక్ష్యం మాత్రమే మిగులుతుంది. లెన్సుకీ కెమెరాకీ మధ్య 1.4 రెట్లు పెంచే కన్వర్టర్ తగిలిస్తే 700 అవుతుంది గానీ వెలుతురు తగ్గి ఎఫ్/8కి దిగుతుంది. డి7500లో అప్పుడు ఆటోఫోకస్‌కి మధ్య పాయింట్ ఒక్కటే మిగులుతుంది. కదిలే పిట్టకి దండగ ఖర్చు.

"ఈ లెన్సు మెత్తగా (పదును లేకుండా) తీస్తోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఎండ. తెల్లటి ఉప్పునేల వేడెక్కగానే దాని మీది గాలి అలలాడుతుంది. చలికాలంలో కూడా తొమ్మిది దాటాక దూరపు పిట్ట ఈకలు నీళ్లలో నానినట్టు వస్తాయి. లైవ్ వ్యూ (వెనక తెర మీద చూసే పద్ధతి) పెట్టి 100 శాతానికి పెంచి చూడండి: పిట్ట అంచు వణుకుతుంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు, ఇంకా దగ్గరికి పోవాలి, లేదా ఇంటికి పోవాలి. ఆటోఫోకస్ తేడాని కెమెరాలో సరిచేసే ఫైన్ ట్యూన్ మాత్రం ఆ వేళ ముట్టుకోవద్దు. పొద్దున్నే నీడలో, పదిమీటర్ల లోపల ఒక సబ్బుపెట్టె మీది అక్షరాలు తీసి సరిచూసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. డి5600, డి3500ల్లో ఫైన్ ట్యూన్ సదుపాయమే లేదు. ఇంకా పాత డి90 మీద అయితే ఈ లెన్సు అపర్చరే మారదు, కొనొద్దు.

కాలర్‌తో (లెన్సు చుట్టూ ఉండే ట్రైపాడ్ పట్టీ) కలిపి బరువు 2,300 గ్రాములు. చేత్తో పట్టుకుని అరగంట నిలబడటం కుదరదు, పైగా గట్టు మీద నిలబడితే పిట్టలు లేచిపోతాయి. బోర్లా పడుకోవాలి. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి రెండు కొసలూ కుట్టి, రెండు కిలోల శనగలు పోస్తే మంచి దిండు అవుతుంది. నిండా కుక్కొద్దు, ముప్పావు వంతు చాలు, లెన్సు కూరుకోవాలి. కాలర్ వదులు చేసి, దాని కింద ఉండే కాలు, అంటే ఫుట్‌ను పైకి తిప్పండి. లెన్సు నాలుగు వేళ్లు కిందకి దిగుతుంది, పిట్ట కంటికి సమంగా వస్తుంది, ఫుట్ పట్టుకుని మోయడానికీ బాగుంటుంది. ట్రైపాడ్ వాడేవాళ్లకి ఒక మాట: ఆ ఫుట్ ఆర్కా స్విస్ రకం (చాలా ట్రైపాడ్ల బిగింపుకి నేరుగా సరిపోయేది) కాదు, ప్లేటు విడిగా కొనాలి.

ఎంత దూరం నుంచి ఫోకస్ వెతకాలో హద్దు పెట్టే ఫోకస్ లిమిటర్ స్విచ్ '∞-6మీ' దగ్గర ఉంటే జమ్ము మధ్య వెతుకులాట తగ్గుతుంది. అయితే లకుముకి వచ్చి నాలుగు మీటర్ల దూరంలో వాలిందంటే లెన్సు దాన్ని చూడనే చూడదు, 'ఫుల్'కి మార్చాలి. 6 మీటర్ల దగ్గర ఎఫ్/5.6కి స్పష్టంగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లే, కాబట్టి సింగిల్ పాయింట్‌ను కంటి మీదే పెట్టండి. షట్టర్ వేగం నడిచే స్టింట్‌కి 1/1000, ఎగిరే పసిరిక పిట్టకి 1/2500. తెల్లటి ఉప్పు మీద ఎక్స్‌పోజర్ +0.7 పెంచకపోతే పిట్ట మసిబొగ్గు అవుతుంది.

ఈ లెన్సు అసలు బలహీనత జూమ్. 200 నుంచి 500కి ఒక్క తిప్పుతో పోదు, మణికట్టు రెండుసార్లు తిరగాలి. గొట్టం బయటికి సాగుతుంది కాబట్టి ఉప్పుగాలి, తేమ దాని మీద చేరతాయి. పని అయ్యాక మూసేముందు మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు 200కి లాగి లాక్ చేయాలి. తడి మీదే లాగితే లోపలికి పోయిన ఉప్పుని తీసేవాళ్లు ఊళ్లో దొరకరు. ఏసీ కారులోంచి నేరుగా బయటికి తీస్తే ముందు గాజుకి పొగ పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచండి.

నికాన్ జడ్ బాడీ (మిర్రర్‌లెస్ కెమెరా) ఉన్నవాళ్లు ఎఫ్‌టీజడ్ అడాప్టర్ (డీఎస్ఎల్ఆర్ లెన్సుని జడ్‌కి కలిపేది) పెట్టి దీన్ని వాడుకోవచ్చు. కొత్తగా కొనేట్టయితే 2023లో వచ్చిన జడ్ 180-600 మేలు: జూమ్ లోపలే జరుగుతుంది, గొట్టం సాగదు, కాలర్ తీస్తే 1,955 గ్రాములు. డీఎస్ఎల్ఆర్‌తోనే ఉండేవాళ్లకి మాత్రం 200-500నే తీసుకోమంటాం. పాతది కొనేటప్పుడు అద్దంలోకి టార్చి కొట్టి ఫంగస్ దారాలున్నాయేమో చూడండి; జూమ్ పూర్తిగా సాచి, మూసి, గరగర వినిపిస్తే వదిలేయండి. కోస్తా ఊళ్లలో వాడిన లెన్సు అయితే మౌంటు స్క్రూల దగ్గర తెల్లటి పొడి ఉందేమో గోటితో గీకి చూడండి.