చుసోక్ పండక్కి సియోల్‌లో: అమ్మతో ఆరు రోజులు, ఫోన్‌లో అక్కరకొచ్చినవి

సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే కొరియావాళ్ళ పంటల పండగ చుసోక్‌కి వాళ్ళ రాజధాని సియోల్ కూడా ఖాళీ అవుతుందని ముందే విన్నాను. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, ఆ రాత్రే అమ్మని తీసుకుని బయల్దేరాను. చాంద్రమాన లెక్కలో ఎనిమిదో నెల పదిహేనో రోజు చుసోక్. ఆ ఏడు అది అక్టోబరు 6న, సరిగ్గా మన ఆశ్వయుజ పౌర్ణమి రోజునే పడింది. 3న వాళ్ళ జాతీయ స్థాపన దినం, 9న కొరియా లిపి దినోత్సవం కూడా కలిసేసరికి దేశమంతటికీ ఏడు రోజులు వరుసగా సెలవులు. ఊరు వెళ్ళేవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

మొదట చెప్పాల్సింది, ఇది వీధుల్లో జరిగే పండగ కాదు. ఊరేగింపులూ మైకులూ ఉంటాయనుకుని వెళ్తే నిరాశే. పొద్దున్నే ఇంట్లో కొత్త బియ్యం, పళ్ళు, వంటలు పెట్టి పెద్దలకి చార్యే అనే పూజ చేస్తారు, తర్వాత సమాధుల దగ్గరికి వెళ్తారు. అంటే పండగంతా ఇళ్ళ లోపలే. అందుకే ఎక్కడ దిగుతామన్నది ఈ ప్రయాణంలో చాలా ముఖ్యం, ఆ విషయంలో మాకు అదృష్టం కలిసొచ్చింది.

మొదటి మూడు రాత్రులు గ్యోంగ్‌బోక్‌గుంగ్ ప్యాలెస్‌కి పడమటి వైపున్న సోచోన్‌లో ఒక హనోక్‌లో, అంటే పాతకాలపు పెంకుటింట్లో ఉన్నాం. కింద నుంచి నేల వెచ్చగా ఉంటుంది, దాన్ని ఒండోల్ అంటారు. మంచం ఉండదు, నేల మీద పరుపే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి రెండో రోజుకే లేచి కూర్చోవడం కష్టమైంది. పెద్దవాళ్ళతో వెళ్తే హనోక్‌లో రెండు రాత్రులు చాలు, తర్వాత లిఫ్టూ మంచమూ ఉన్న హోటల్‌కి మారిపోండి. మేం మ్యోంగ్‌డోంగ్ దగ్గర హోటల్‌కి మారాం. గది చిన్నది, కిటికీ తీస్తే ఎదురుగా గోడ, కానీ సబ్‌వే పక్కనే కాబట్టి సర్దుకున్నాం.

అయినా ఆ హనోక్‌ని మాత్రం మర్చిపోలేను. పండగ ముందు రోజు సాయంత్రం ఇంటావిడ సోంగ్‌ప్యోన్ చేస్తూ మమ్మల్నీ పిలిచింది. బియ్యప్పిండి ముద్దలో నువ్వులూ తేనె పెట్టి, అర్ధచంద్రాకారంలో ఒత్తి, దేవదారు లాంటి పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. "ఇవి మన పూర్ణం కుడుములే కదే" అంది అమ్మ, కజ్జికాయకి మడిచినట్టు అంచు మడిచి చూపించింది. అందంగా చేసినవాళ్ళకి అందమైన కూతురు పుడుతుందని అక్కడ ఒక నానుడి. ఆవిడ ఆ మాట కొరియన్‌లో అంటే పాపాగో యాప్ ఇంగ్లీషులో వినిపించింది, నేను తెలుగులో చెప్పాను, ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. గంటన్నర అలా గడిచింది. పాపాగోలో సంభాషణ అనే పద్ధతి ఉంటుంది, ఫోన్ మధ్యలో పెట్టి వంతులవారీగా మాట్లాడితే చాలు. కొరియన్‌కి అంతకంటే మంచి అనువాద యాప్ నాకు దొరకలేదు.

అయితే తిండి దగ్గర పాపాగోని పూర్తిగా నమ్మకూడదు. మెనూని ఫొటో తీస్తే పేర్లన్నీ చదివి పెడుతుంది గానీ పులుసులో ఏముందో దానికేం తెలుసు? కూరగాయల సూప్ అని రాసినా నీళ్ళలో ఎండుచేపలు మరిగించి ఉండొచ్చు, కిమ్చీలో చాలాసార్లు చేపల సాసో రొయ్యల ఊరగాయో కలుస్తుంది. శాకాహారులు "గోగి ప్పే జుసెయో" (మాంసం తీసేయండి) ఒక్కటే అంటే సరిపోదు, చేపలూ గుడ్డూ కూడా వద్దని కొరియన్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. మేం హ్యాపీకౌ యాప్‌లో శాకాహార హోటళ్ళు వెతుక్కున్నాం, కానీ పండగ రోజున అందులో చూపించినవి రెండు మూసి ఉన్నాయి.

అక్కడే నేవర్ మ్యాప్ అనే కొరియా మ్యాప్ యాప్ కాపాడింది. చాలా షాపులవాళ్ళు చుసోక్ సెలవు ఏ రోజో అందులోనే పెడతారు, బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటే వృథా నడక తప్పుతుంది. మేం వెళ్ళినప్పుడు గూగుల్ మ్యాప్స్ అక్కడ బస్సులూ రైళ్ళూ చూపించేది గానీ నడిచే దారి చూపించేది కాదు, మ్యాప్ డేటాని దేశం బయటికి పంపడం మీద ఉన్న ఆంక్షలే దానికి కారణం. నేవర్ అయితే సబ్‌వేలో ఎన్నో నంబరు ఎగ్జిట్ నుంచి బయటికి రావాలో, లైను మారడానికి రైల్లో ఏ పెట్టె ఎక్కితే దగ్గరో కూడా చెప్తుంది. అమ్మని అనవసరంగా మెట్లు ఎక్కించకుండా ఉండగలిగానంటే దాని పుణ్యమే. ఇంగ్లీషు పేరు కొడితే ఒక్కోసారి దొరకదు, అప్పుడు ఆ చోటి ఫోన్ నంబరు కొట్టండి, వస్తుంది.

డబ్బు సంగతి. యూపీఐ అలవాటుతో జేబులో నోట్లు లేకుండా వెళ్తే సంతల్లో ఇబ్బంది పడతాం. వావ్‌పాస్ అని ఒక ప్రీపెయిడ్ కార్డు ఉంది, నారింజ రంగు యంత్రంలో డాలర్లు వేసి తీసుకున్నాం, ఖర్చెంతో యాప్‌లో కనిపిస్తుంది. అదే కార్డులో సబ్‌వే ఛార్జీలు కట్టే టీమనీ అనే ప్రయాణ కార్డు కూడా ఉంటుంది కానీ రెండు నిల్వలూ వేరు, ఇది తెలియక మొదటి రోజు గేటు దగ్గర ఆగిపోయాం. సియోల్‌లోనే తిరిగేవాళ్ళకి ఎన్నిసార్లయినా ఎక్కగలిగే క్లైమేట్ కార్డ్ పాస్ నయం, ఐదు రోజులకి 15,000 వోన్ (వోన్ అంటే కొరియా కరెన్సీ). సబ్‌వే కనీస ఛార్జీ 1,550 వోన్ కాబట్టి రోజుకి రెండు మూడుసార్లు ఎక్కితే గిట్టుబాటే. సియోల్‌కి దక్షిణాన ఉన్న సువోన్ నగరం దాకా మాత్రం అది చెల్లదు.

సువోన్ వెళ్ళడానికి కారణముంది. అసలు ఇంకా దక్షిణాన ఉన్న జోన్‌జు అనే ఊరు వెళ్దామనుకున్నాం, రైలు టికెట్లు వారాల ముందే అయిపోయాయి. దాని బదులు ఒక వెబ్‌సైటులో బుక్ చేసుకున్న ఒకరోజు టూర్‌ని వాళ్ళు పండగ సెలవని ముందు రోజు రాత్రి రద్దు చేశారు, డబ్బు వెనక్కి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. నాకు చాలా కోపమొచ్చింది. సువోన్‌కి రిజర్వేషన్ అక్కర్లేదు, సబ్‌వే ఒకటో లైనులో గంట ప్రయాణం. 1794–96 మధ్య కట్టిన హ్వాసోంగ్ కోట గోడ మీద కొత్త బట్టలేసుకున్న పిల్లలతో కుటుంబాలు నడుస్తుంటే, పండగ ఇళ్ళలోంచి బయటికొచ్చినట్టనిపించింది.

గ్యోంగ్‌బోక్‌గుంగ్‌కి మామూలుగా 3,000 వోన్ టికెట్, పండగ సెలవుల్లో ఉచితం. జనం విపరీతం, పొద్దున్నే వెళ్ళాలి. నేషనల్ మ్యూజియం చుసోక్ రోజున మూసేస్తారు. ఆ సాయంత్రం నమ్‌సాంగోల్ హనోక్ గ్రామంలో పిల్లలు కుండలోకి బాణాలు విసిరే ఆట ఆడుతున్నారు. పౌర్ణమి వెన్నెల్లో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే గంగ్‌గాంగ్‌సుల్లే గురించి చదివి చెప్తే, "అయితే వాళ్ళకీ బతుకమ్మ ఉందన్నమాట" అంది అమ్మ. చంద్రుడు మబ్బుల్లోంచి కాసేపే కనిపించాడు.

7వ తేదీ రాత్రి అమ్మకి జ్వరమొచ్చింది. చుట్టుపక్కల మందుల షాపులన్నీ మూసేశారు, నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. 1330కి ఫోన్ చేశాను, అది పర్యాటకుల సహాయ నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు. తెరిచి ఉన్న మందుల షాపు ఎక్కడుందో చెప్పి, మామూలు జ్వరం మాత్రలు కన్వీనియన్స్ స్టోర్లలోనూ దొరుకుతాయన్నారు. వీధి చివర స్టోర్‌లోనే దొరికాయి. అంబులెన్స్ కావాలంటే 119. ఇంకో మాట, డేటా మాత్రమే ఇచ్చే ఈసిమ్ కొంటే కొరియా నంబరు రాదు, నంబరు అడిగే యాప్‌లు కొన్ని పనిచేయవు. నంబరుతో వచ్చే సిమ్ తీసుకోండి. టాక్సీకి మాత్రం ఇక్కడి ఊబర్ యాపే అక్కడా పనిచేసింది.

తిరిగొచ్చేటప్పుడు టీమనీలో కొంచెం మిగిలింది. వెనక్కి తీసుకుందామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీవే, మళ్ళీ పండగెప్పుడో చూడు" అంది. 2026లో చుసోక్ సెప్టెంబరు 25న. ఈసారి ముందుగానే జోన్‌జు టికెట్లు చూడాలి.